పొద్దున కనిపించని కన్ను

మా వీధిలో ఎవరైనా యాత్రకు వెళ్ళొస్తే ఇంటింటికీ ప్రసాదం పంచుతారు. నేను వెళ్ళిన చోటి నుంచి సీతాఫలాలు తెచ్చాను. అవి రాజమండ్రి చేరేలోగా సంచిలోనే మెత్తబడి, మా పక్కింటివాళ్ళ మేకకు పనికొచ్చాయి. అందుకని ప్రసాదం బదులు ఈ కథ పంచుతున్నాను.

వెళ్ళింది కాశీకి కాదు, పటాన్‌చెరుకి. చూసొచ్చింది ఫ్యాక్టరీల మధ్య ఇరుక్కున్న లక్డారం అనే ఊరు, మూడు ఆసుపత్రులు, ఒక గుడి, ఒక కన్ను.

ముందు నా సంగతి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళు రైళ్ళలో టికెట్లు చూసి రిటైరయినదాన్ని. టికెట్ లేనివాడు నిద్ర ఎలా నటిస్తాడో, బాత్రూములో ఎంతసేపు కూర్చుంటాడో, పసిపిల్లను ఎందుకు గిల్లి ఏడిపిస్తాడో నాకు తెలుసు. ఆ ఉద్యోగం వల్ల ఎవరిని చూసినా మొదట అనుమానం వస్తుంది. నమ్మకం తర్వాత, వస్తే వస్తుంది.

మా అమ్మాయి మాధవి పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. అక్కడే పరిచయమైన శ్రీనివాస్‌ని చేసుకుంది. అతనిది లక్డారం. ఒకప్పుడు పూర్తి వ్యవసాయం, ఇప్పుడు కొంత పొలం, కొంత గడ్డపోతారంలో ఫ్యాక్టరీ ఉద్యోగం. మాధవి ఓ రోజు ఫోన్ చేసింది.

"అత్తమ్మకి కన్ను కనిపించట్లేదమ్మా. ఎడమ కన్ను ఏళ్ళ కిందే షుగరుతో పోయింది కదా, ఇప్పుడు కుడి కన్నులో కూడా మబ్బు కమ్మిందట. నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటున్నా. ఇలాగే ఉంటే ఉద్యోగం మానెయ్యాలేమో."

ఇంత మాటలో నా చెవికి ఎక్కింది ఆఖరి ముక్క ఒక్కటే. పిల్లని చదివించింది రొట్టెలు కాల్చడానికా అనుకున్నాను. వియ్యపురాలు ఏదో నాటకం ఆడుతోందన్న అనుమానం నాకు రాజమండ్రి ప్లాట్‌ఫారం మీదే పుట్టింది.

లింగంపల్లి దాకా, ఆపైన

రైల్లో పక్క సీటావిడ బండి సమయానికి చేరుతుందా అని అడిగింది. చేరదన్నాను. చేరలేదు. ఆవిడ నన్ను భయంగా చూసింది. నా నాలుక మధ్యలో ఒక పుట్టుమచ్చ ఉంది. నాలుక మీద మచ్చ ఉన్నవాళ్ళు ఏదంటే అది జరుగుతుందని అంటారు కదా, చిన్నప్పుడు నేను ఎవరినైనా తిట్టబోతే మా అమ్మ వచ్చి నోరు మూసేసేది. అయితే బండి ఆలస్యమవుతుందని చెప్పడానికి మచ్చ అక్కర్లేదు, రైల్వే ఉద్యోగం చాలు.

లింగంపల్లిలో దిగి బస్సులో పటాన్‌చెరు, అక్కడి నుంచి షేర్ ఆటో. మా గోదావరి వైపు రోడ్డుకి రెండు పక్కలా కాలువ ఉంటే ఊరు దగ్గర పడుతోందని గుర్తు. ఇక్కడ వాసనలు గుర్తు. ఒక చోట కుళ్ళిన కోడిగుడ్డు వాసన, కాస్త ముందుకెళ్తే నెయిల్ పాలిష్ వాసన, ఆ తర్వాత రాళ్ళు పిండి చేసే క్రషర్ల దుమ్ము. ఆటో అతను "లక్డారం అంటే క్రషర్ల దిక్కా, ఊర్లకా అమ్మా?" అని అడిగాడు. ఊళ్ళోకే అన్నాను. కిరాయి ముప్ఫై అన్నాడు. వెనక కూర్చున్నవాడిని ఎంత ఇచ్చావని హిందీలో అడిగాను. వాడూ ముప్ఫైయే అన్నాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారేమో తెలీదు.

ఆ వెనకవాడు ఒడిశా కుర్రాడు, ఏదో ఫ్యాక్టరీ యూనిఫాంలో ఉన్నాడు. దారి పొడుగునా నా సంచి మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఆ చేతి మీదనుంచి నేను కళ్ళు తిప్పలేదు. దిగేటప్పుడు "మాజీ, చైన్ ఖులా హై" అని సంచి జిప్పు చూపించాడు. బండి ఎగిరినప్పుడల్లా నా సామాను కింద పడకుండా పట్టుకున్నాడన్నమాట. అయినా అతని ఎదురుగానే సంచి మొత్తం తడిమి చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. అతను నవ్వాడు. ఎందుకు నవ్వాడో నాకు నచ్చలేదు.

లక్డారం, సాయంత్రం

మా వియ్యపురాలి పేరు బాలమణి. యాభై అయిదు దాటిన మనిషి, గట్టి ఒళ్ళు, నుదుట రూపాయంత బొట్టు. ఇంటి ముందు అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నా గొంతు వినగానే రెండు చేతులూ చాచింది.

"ఒచ్చినవా ఒదినె! ఎట్లున్నవ్? రైలుల మంచిగ జాగ దొరికిందా? రా, గిట్ల కూసో."

చేతులు పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. చేతులు వెచ్చగా ఉన్నాయి. నాకు జాలి వచ్చింది, వెంటనే ఆ జాలి మీద అనుమానమూ వచ్చింది.

రైల్లో అంధుల రాయితీ మీద ప్రయాణం చేసేవాళ్ళలో నిజంగా కనిపించనివాడెవడో, నల్లకళ్ళజోడు పెట్టుకున్న దొంగెవడో తేల్చడానికి నాకో పద్ధతి ఉండేది. మాటల మధ్యలో ఉన్నట్టుండి నాలుక బయటపెట్టేదాన్ని. చూపున్నవాడు నవ్వైనా ఆపుకుంటాడు, ఉలిక్కిపడనైనా పడతాడు. మర్యాదస్తురాలు చేసే పని కాదు, కానీ పనిచేసేది. మాధవి మంచినీళ్ళకి లోపలికి వెళ్ళిన సమయం చూసి, బాలమణి ముఖానికి మూరెడు దూరంలో నా నాలుక మొత్తం బయటపెట్టాను.

ఆవిడ రెప్ప కూడా కదపలేదు. "మీ దిక్కు వానలు పడ్డయా?" అని అడిగింది. పాపం నిజమే కాబోలనుకుని నాలుక లోపల పెట్టుకున్నాను.

రాత్రి భోజనంలో జొన్నరొట్టె, వంకాయ, పచ్చిపులుసు. ఈ పచ్చిపులుసు గురించి చెప్పాలి. మన పులుసు పొయ్యి మీద గంటసేపు మరుగుతుంది. వీళ్ళది పొయ్యే ఎక్కదు. చింతపండు రసంలో పచ్చిమిర్చి, ఉల్లిపాయ నలిపి అంతే. మొదట ఇదేం వంటని అనుమానపడి, తర్వాత రెండుసార్లు పోయించుకున్నాను. ఉల్లిపాయ అని అడిగితే మాత్రం ఎవరికీ తెలీదు, ఉల్లిగడ్డ అనాలి. ఇక్కడ వంటింట్లో సగం సరుకులు గడ్డలే.

అన్నాలయ్యాక టీవీలో సీరియల్ పెట్టారు. బాలమణి కుర్చీ కాస్త ముందుకి జరుపుకుని, "గా కోడలుపిల్ల చీర జూడు, చిలకపచ్చ. ఆ పిల్లకి మంచిగ సూట్ అయింది" అంది.

నా చేతిలో వక్కపొడి ఆగిపోయింది. చీర చిలకపచ్చే. నేను మాధవి వైపు చూశాను, అది గిన్నెలు సర్దుకుంటోంది.

పడుకోబోయే ముందు బాలమణి నన్ను దగ్గరికి పిలిచింది. "ఒదినె, ఒక్క మాట. నా కన్ను మంచిగైతదని ఒక్కసారి నీ నోటితోని అను."

ఇదేం కోరిక? నా చేత అనిపించి, రేపు "మీ అమ్మే అన్నది, నయమయ్యేదాకా ఇంట్లో ఉండు" అని మా పిల్లని కట్టేయడానికి కాదు కదా?

"అది డాక్టర్లు అనాలి వదినా, నేనంటే ఏముంది" అని తప్పించుకున్నాను.

లక్డారం, పొద్దున

తెల్లారింది. బాలమణి మంచం దిగి గోడ తడుముకుంటూ వచ్చి వంటింటి గుమ్మానికి భుజం కొట్టుకుంది. చాయ్ గ్లాసు ముందు పెడితే చెయ్యి పక్కకి పోయి తన్నేసింది. "నల్లగ పొగ కమ్మినట్టే ఉంది బిడ్డా, ఏం అవుపడ్తలేదు" అంది. మాధవి పరుగెత్తుకొచ్చి తుడిచి, మళ్ళీ చాయ్ పెట్టి, పళ్ళపొడి అందించి, చీర కుచ్చిళ్ళు సర్దింది. ఆఫీసు బస్సు వీధి చివర హారన్ కొట్టి, మాధవి లేకుండానే వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి ఆవిడ గోడ పట్టుకోకుండా నడిచింది. సాయంత్రానికి వీధిలో పోయే మనిషిని నడకతో గుర్తుపట్టి పేరుతో పిలిచింది. రాత్రి మళ్ళీ సీరియల్. మర్నాడు పొద్దున మళ్ళీ పొగ.

ఇంక నాకు సందేహమేముంటుంది? పొద్దున పనివేళకి కనిపించదు, సాయంత్రం సీరియల్ వేళకి కనిపిస్తుంది. ఇంత తెలివైన కన్ను నాకూ ఉంటే ఎంత బావుండేది! మాధవిని పెరట్లోకి పిలిచి నా లెక్క చెప్పాను. దాని ముఖం ఎర్రబడింది.

"అమ్మా, నువ్వు రిటైరయ్యావు. మా అత్తమ్మ దగ్గర టికెట్ అడక్కు."

"అడగను. డాక్టర్ దగ్గరికి మాత్రం నేను తీసుకెళ్తా. నువ్వు ఉద్యోగానికి పో" అన్నాను. అది ఏడుస్తూ ఐడీ కార్డు మెడలో వేసుకుంది.

పటాన్‌చెరు

కంటి ఆసుపత్రి బస్టాండుకి దగ్గర్లోనే. జనం చూస్తే రేషన్ షాపు గుర్తొచ్చింది. కంట్లో నలక పడ్డ వెల్డింగు పనివాళ్ళు, శుక్లాల ముసలివాళ్ళు, షుగరు కార్డులు పట్టుకున్న మా ఈడువాళ్ళు. బయట బండి మీద మిర్చి బజ్జీ వాసన. బాలమణికి చుక్కలమందు వేసి కూర్చోబెట్టారు. పక్కన ఒక పెద్దాయన నాతో "గీ సుక్కలు ఏసినంక దునియా అంత తెల్లగైతది, పరేషాన్ గాకుండ్రి" అన్నాడు. అడక్కుండా ధైర్యం చెప్పేవాళ్ళంటే కూడా నాకు అనుమానమే.

కంటి వెనక తెరని, అంటే రెటీనాని, ఫోటో తీసే కెమెరా ముందు బాలమణి గడ్డం ఆనించింది. మెరుపు మెరిసింది. కంప్యూటర్ మీద బొమ్మ వచ్చింది. రెటీనా అంటే నారింజ రంగులో, నరాల కొమ్మలతో ఉంటుందని గోడమీద పటంలో చూశాను. ఇక్కడ వచ్చింది మాత్రం తుప్పు రంగు పొగ. ఇంకో నాలుగు తీశారు, అన్నీ అవే.

డాక్టరమ్మ చిన్న పిల్ల, మా మాధవి వయసు. ఓపిగ్గానే చెప్పింది. "కంటి లోపల గుడ్డులో తెల్లసొన లాంటి జిగురు ఉంటదమ్మా. షుగరు వల్ల కొత్తగా పుట్టిన సన్న నరాలు పగిలి, ఆ జిగురులోకి రక్తం కారింది. అందుకే మా వెలుతురు వెనక దాకా పోతలేదు. వెనక తెర అతుక్కుని ఉందా, ఊడిందా అన్నది నాకు అవుపడ్తలేదు."

"కనిపించకపోతే రోగమని ఎలా చెప్తున్నారు?" అన్నాను.

"అందుకే స్కాన్ కావాలె. శబ్దంతోని చూసే యంత్రం, కడుపులో బిడ్డను చూస్తరు గదా, అట్లాంటిదే. మబ్బు వెలుతురుకి అడ్డం గాని శబ్దానికి కాదు. మా దగ్గర లేదు, సంగారెడ్డిల ఉంది, ఈ రెండు రోజుల్లనే పోండ్రి. అందాక తల ఎత్తుగా పెట్టి పడుకోవాలె. వంగొద్దు, బరువు ఎత్తొద్దు."

నాకు అర్థమైపోయింది. వీళ్ళు వాళ్ళ దగ్గరికి పంపుతారు, వాళ్ళు వీళ్ళకి కమిషన్ పంపుతారు. "పొద్దునకీ సాయంత్రానికీ చూపులో ఏమన్నా తేడా ఉంటుందా?" అని డాక్టరమ్మ అడిగింది. బాలమణి నోరు తెరవబోయింది. "అదేం లేదండీ" అని నేనే చెప్పేశాను. దొంగ దగ్గర సాక్ష్యం ముందే బయటపెడితే జాగ్రత్త పడతాడు. పెద్ద డాక్టరు ముందే బయటపెడదామనుకున్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రాత్రి మా అల్లుడు శ్రీను డ్యూటీ దిగి వచ్చాడు. ఒంటి మీద ఫ్యాక్టరీ వాసన స్నానం చేసినా పోదు. అతని అనుమానం ఇంకో రకం. "షుగరు గిగరు కాదు అత్తమ్మా, ఇది ఫ్యాక్టరీల గాలి. మా ప్లాంట్ల కొత్తగ వచ్చినోళ్ళకి కండ్లు మండుతనే ఉంటయ్" అన్నాడు. ఆ ఇంట్లో ఆ రాత్రి అతను గాలిని, నేను అతని తల్లిని, ఇద్దరం కలిసి డాక్టరుని అనుమానిస్తూ పడుకున్నాం. బాలమణి తల కింద ఇంకో దిండు పెట్టి, అదే ఎత్తు అనుకున్నాం. తెల్లారేసరికి అది కింద పడి ఉంది.

ఇస్మాయిల్‌ఖాన్‌పేట

స్కాన్‌కి ముందు బాలమణి ఒకటే పట్టు పట్టింది. "ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మకి మొక్కిన. కన్ను మసకైన దినమే మొక్కిన, పొర్లుదండాలు పెడ్తనని. మొక్కు తీర్చినంకనే ఏ మిషన్ అన్న."

శ్రీను తల్లి ముందు తటపటాయించాడు. "డాక్టరమ్మ వంగొద్దన్నది గదనే అవ్వా. పొర్లుడు అంటే..." అని నా వైపు చూశాడు.

నేను ఆపి ఉండాల్సింది. కానీ నా లెక్క వేరు. ఒళ్ళు హూనమయ్యే పొర్లుదండాలు పెట్టగలిగిన మనిషి పొద్దున చాయ్ కలుపుకోలేదా? "వంగొద్దంది కానీ దొర్లొద్దనలేదుగా, అమ్మవారి మొక్కు" అన్నాను. నా నోటి చలవకి తిరుగేముంది, బయల్దేరాం.

సంగారెడ్డి దాటి గుడి చేరేసరికి ఎండ ఎక్కింది. దారి పక్కన సీతాఫలాల బుట్టలు. మా వైపు పండు చొప్పున అమ్ముతారు, ఇక్కడ బుట్ట చొప్పున బేరం. ఆమె నూట యాభై అంది, నేను వంద అన్నాను, పోయి రమ్మంది. గుడి ముందు కొబ్బరికాయలు, నిమ్మకాయ దండలు, గాజులు. బాలమణి బోరు కింద తలారా స్నానం చేసి, తడి చీరతోనే వచ్చింది. పడుకోబోయే ముందు మళ్ళీ నా చెయ్యి పట్టుకుంది.

"ఒదినె, ఇప్పుడన్న అను. మంచిగైతదని."

"అమ్మవారి ముందు నేనెవర్ని వదినా, చూద్దాం" అన్నాను. ఆవిడ చెయ్యి వదిలేసింది.

చేతులు తల పైకి జోడించి బండల మీద పడుకుని గుడి చుట్టూ దొర్లడం మొదలుపెట్టింది. వరసకి కోడలయ్యే ఆడమనిషి ఒకతె పక్కన నడుస్తూ, దారి తప్పకుండా భుజం నెడుతూ ఉంది. ఇంకొకతె వెనక నుంచి పసుపునీళ్ళు చల్లుతోంది. నేను నీడలో నిలబడి చూశాను. మా వైపూ ఇవి పెడతారు, కానీ ఇంత వేగంగా కాదు. ఒక మలుపు, ఇంకో మలుపు. జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు. చివరి మలుపులో ఆవిడ శ్వాస ఎగబీలుస్తూ లేచి కూర్చుంది.

పూజారి హారతి పళ్ళెం తెచ్చాడు. కర్పూరం భగ్గుమని వెలుగుతోంది. బాలమణి పళ్ళెం వైపు చెయ్యి చాచి, కళ్ళకద్దుకోవడానికి కాకుండా, వేళ్ళు తిన్నగా మంటలోనే పెట్టింది. పూజారి "అమ్మా!" అని పళ్ళెం వెనక్కి లాక్కున్నాడు. ఆవిడ వేళ్ళు నోట్లో పెట్టుకుని చుట్టూ చూసింది. మిట్టమధ్యాహ్నం ఎండ ఆవిడ ముఖం మీదే పడుతోంది.

"దీపం ఎవలన్న ఆర్పిన్రా? శీనూ, పొద్దుగూకిందా కొడుకా?"

ఎవడూ ఇలా నటించడు. వేళ్ళు కాల్చుకుని ఎవడూ నటించడు. ఆవిడ పక్కనే తడి బండల మీద కూలబడి, ఆ వేళ్ళు నా చేతుల్లోకి తీసుకుని ఊదాను. ఏమని ఊదానో, ఎవరిని క్షమించమన్నానో నాకు గుర్తు లేదు.

సంగారెడ్డి

తడి చీర మార్చి అటు నుంచి అటే స్కాన్‌కి తీసుకెళ్ళాం. చీకటి గది, చిన్న తెర ఉన్న యంత్రం. డాక్టరు నడివయసు మనిషి. మూసిన రెప్ప మీద చల్లటి జిగురు రాసి, పెన్ను లాంటి పరికరం ఆనించాడు.

"అమ్మా, కండ్లు మూసుకునే ఉండి పైకి చూడు. ఇగ కిందికి. కుడికి. జెర మెల్లగ."

తెర మీద నలుపులో తెల్ల చుక్కలు లేచాయి. ఆవిడ కన్ను తిప్పినప్పుడల్లా చుక్కలు ఊకలాగా కదిలి మెల్లగా దిగుతున్నాయి. అదంతా రక్తమట. వాటి మధ్యలో అడ్డంగా ఒక తెల్లటి గీత, ఆరేసిన చీరలా ఊగుతోంది.

"ఆ గీత ఏంటండీ?"

"అదే నేను కూడా చూస్తున్న. కంటి లోపలి జిగురు మీది పొర అయితే ఫికర్ లేదు. రెటీనా ఊడి లేచిందైతే కష్టం, గదే తేల్చాలె" అని ఒక మీట మీద వేలు పెట్టాడు. "ఇగ శబ్దం తగ్గిస్త. పల్చటి పొర అయితే మాయమైతది. రెటీనా మందం, ఎంత తగ్గించినా తెల్లగనే నిలబడ్తది."

తగ్గిస్తే మాయమయ్యే రోగమేమిటి, ఇదేం గారడీ అని ఇంకో రోజైతే అడిగేదాన్ని. ఆ రోజు అడగలేదు. శ్రీను నా వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. డాక్టరు మీట తిప్పాడు. ముందు చుక్కలు పోయాయి. గీత పల్చబడింది. ఇంకాస్త తిప్పాడు. గీత మసకబారింది, కానీ పోలేదు. నేను ఇష్టదేవతలందరినీ పిలిచాను. ఇంకాస్త తిప్పాడు. పోయింది. కంటి వెనక గోడ ఒక్కటే తెల్లగా, వంపుగా మిగిలింది.

మేం ఊపిరి వదిలేలోగా ఆయన పరికరం పక్కకి జరిపి ఆగాడు. వంపులో ఒక మూల చిన్న మిట్టలా లేచి ఉంది. అది మీట ఎంత తిప్పినా పోలేదు.

"ఇక్కడ పొర రెటీనాని పట్టి గుంజుతుంది. నడుమ భాగం ఇంకా అతుక్కునే ఉంది, అదృష్టం. కానీ ఆగేటిది కాదు. సిటీల ఆపరేషన్ జేయించాలె, జల్దీ. ఇంత తాజా రక్తం ఉంది, ఇయ్యాల ఏమన్న అయిందా? పడ్డదా, వంగిందా?"

శ్రీను తల దించుకున్నాడు. నేనే చెప్పాను. పొర్లుదండాలు పెట్టిందని, పెట్టమన్నది నేనేనని. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే కాస్త తేలికయ్యేది. అప్పుడు పొద్దునా సాయంత్రాల సంగతి కూడా అడిగాను, సాక్ష్యంగా కాదు.

"గట్లనే అయితదమ్మా. రాత్రంత వెల్లకిల పండుకుంటే రక్తం చూపు ఉండే జాగల పరుచుకుంటది, పొద్దుగాల అంత నలుపే. కూసుంటే, నడుస్తే కిందికి దిగుతది, మాపటికి సాఫ్ అయితది. అందుకే తల ఎత్తు పెట్టుమని చెప్పేది. మొదటి డాక్టర్‌కి చెప్పలేదా?"

బాలమణి రెప్ప మీద జిగురు తుడుచుకుంటూ, "చెప్పనీకి యాదికి రాలే సారూ" అంది. ఆవిడకి గుర్తుంది, నోరు తెరిచింది కూడా. నన్ను ఆ గదిలో కాపాడింది ఆవిడే.

ఆ వారంలోనే సిటీలో ఆపరేషన్ అయింది. చెడిన జిగురు తీసేసి, గుంజుతున్న పొరని కోసి వదులు చేస్తారట. లోపలికి తీసుకెళ్ళే ముందు ఆకుపచ్చ గౌనులో చక్రాల కుర్చీ మీద కూర్చుని బాలమణి నా వైపు తల తిప్పింది. చూపు లేదు, గొంతు ఉన్న వైపుకి తిప్పింది.

"ఒదినె, ఇప్పుడన్న అంటవా?"

"మంచిగైతది వదినా" అన్నాను, ఆవిడ భాషలోనే. "నీ కన్ను మంచిగైతది." ఆవిడ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఇంక తోయమన్నట్టు తల ఊపింది.

మళ్ళీ లక్డారం

సీతాఫలాల కాలం అయ్యేదాకా అక్కడే ఉండిపోయాను. మాధవి ఉద్యోగానికి వెళ్తోంది. పొద్దున చాయ్, రొట్టెలు, చుక్కలమందు నా వంతు. రొట్టె గుండ్రంగా తట్టడం నాకు చివరిదాకా రాలేదు, శ్రీను నా రొట్టెలకి ఊళ్ళ పేర్లు పెట్టాడు. బాలమణి వీపు వెనక మూడు దిండ్లు పేర్చుకుని కూర్చున్నట్టే నిద్రపోయింది. కట్టు విప్పిన రోజు వెలుతురు, తర్వాత వేళ్ళు, తర్వాత ముఖాలు. పూర్తిగా మునుపటి చూపు కాదు, కాదని డాక్టర్లు ముందే చెప్పారు. సూదిలో దారం ఎక్కదు. గుమ్మం మాత్రం కనిపిస్తుంది, చాయ్ గ్లాసు కనిపిస్తుంది, అదీ పొద్దున్నే.

నేను బయల్దేరే రోజు పొద్దున ఆవిడ అరుగు మీద చాటలో కందిపప్పు చెరుగుతోంది. ఒంటికన్నుతో రాళ్ళు ఏరుతోంది. చాయ్ ఇచ్చి పక్కన కూర్చున్నాను.

"ఒదినె, నీ నాలుక మీద గా నల్లమచ్చ పుట్టుమచ్చేనా? సిన్నప్పటి సంది ఉన్నదా?"

"ఆ, పుట్టుమచ్చే" అన్నాను. అన్నాక నా చేతిలో గ్లాసు ఆగిపోయింది. నా నాలుక మీద మచ్చ ఆవిడకెలా తెలుసు?

బాలమణి చాటలోంచి తల ఎత్తలేదు. "నువ్వు ఒచ్చిన దినం, పొద్దుగూకినాక. గిక్కడనే. గింత పొడుగు నాలుక బయటపెట్టినవ్. మాపటికి నాకు అవుపడ్తది గదా. నడిమిట్ల నల్లటి మచ్చ. గా నాలుకతోని ఒక్కసారి అనిపియ్యాలని నీ ఎనుక తిరిగిన."

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "మరి అప్పుడే అడగాల్సింది వదినా, ఇదేం పనని తిట్టాల్సింది."

"తిడ్తే నువ్వు శరమైపోయి తెల్లారే రైలెక్కుదువు. ఇగ నా కన్నుకు ఎవలందురు?"

వీధి చివర మాధవి ఆఫీసు బస్సు హారన్ కొట్టింది, అది పరుగున వచ్చి ఇద్దరికీ చెయ్యి ఊపి ఎక్కేసింది. శ్రీను నా సంచి ఆటోలో పెట్టాడు, జిప్పు వేసి ఉందో లేదో కూడా చూశాడు. నేను లేచాను. బాలమణి కొంగు సర్దుకుని, నా చెయ్యి పట్టి ఆపింది.

"ఎడమది గూడ అను ఒదినె, జెర. పోయేదేముంది."

ఎడమ కన్ను గురించి డాక్టర్లు ఏం చెప్పారో నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. అన్నాను.